తొట్టెల ఎక్కని పేరు

పదకొండో భాగం

బుధవారం సాయంత్రం అంబాదాస్ కార్ఖానాలో కోమల్ చేతికి ఊడివచ్చిన వైరు మీకు గుర్తుండే ఉంటుంది. జోడ్‌భావి పేటలో కోమల్ వాళ్ల ఇంటి గోడను ఆనుకునే ఉంటుంది ఆ కార్ఖానా. నేతగాడు నోటితో చెబితే విని, జకార్డ్ మగ్గం మీద చద్దర్ దుప్పటి డిజైన్ మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి కోమల్, ఆమె దోస్తు సుమిత్ కలిసి తయారుచేశారు. దాని పేరు గోదావరి. పేరుపెట్టి పిలిస్తే ముందు “ఆ” అంటుంది, ఆ తర్వాత చెప్పిన పని చేస్తుంది. అంబాదాస్ దగ్గరున్న ట్యాబ్ అద్దం పగిలిందని ఆదివారమే సుమిత్ దాన్ని ఊడదీసి హోట్గి రోడ్‌లోని ఆఫీసుకు పట్టుకుపోయాడు. గోడకు మిగిలింది ఉత్త స్పీకర్ డబ్బా. అయినా పనివాళ్లు అలవాటు కొద్దీ నాలుగు రోజులుగా పిలుస్తూనే ఉన్నారు, “ఆ” అనే జవాబు వస్తూనే ఉంది. కోమల్ ఆ డబ్బా వెనకున్న వైరు పట్టి లాగితే, దాని రెండో కొస దేనికీ తగిలించి లేదు. సరిగ్గా అప్పుడే మగ్గం దగ్గరినుంచి ఎవరో “గోదావరీ” అన్నారు. “ఆ” అని జవాబొచ్చింది. డబ్బాలోంచి కాదు, గోడలోంచి.

ఆమె పరుగున ఇంటికొచ్చి నాయనమ్మ గంగమ్మను ఒక్కటే మాట అడిగింది, గోదావరి అంటే ఎవరని. మా సాఫ్ట్‌వేర్‌కు ఆ పేరే పెట్టుకున్నామని కూడా చెప్పింది. ముసలామె ఒళ్లో ఉన్న బీడీల చేట జారి కింద పడింది. దాన్ని అక్కడే వదిలేసి వెళ్లి పడుకుంది. ఆ రాత్రి అన్నం కూడా ముట్టలేదు.

గురువారం తెల్లారేసరికి ఇల్లు ఇల్లులా లేదు. కోమల్ తమ్ముడు గణేశ్‌కు కూతురు పుట్టి ఆ రోజుకు ఇరవై ఒక్క రోజులు. మధ్యాహ్నం మూడింటికి తొట్టెల, అంటే పిల్లను తొట్టెలో వేసి పేరు పెట్టే వేడుక. తొట్టెకు కట్టడానికి మల్లెదండలు తెమ్మంటే, గణేశ్ పెళ్లికారుకు కట్టే ప్లాస్టిక్ పూలు తెచ్చి, ఇవైతే వాడిపోవు కదా అని సమర్థించుకున్నాడు. పిల్లకు తండ్రి అయ్యాడు గానీ పాపం ఆయన బుద్ధికే ఇంకా బారసాల కాలేదు.

పిల్ల చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త, అంటే కోమల్. ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా ఫైళ్లకూ ఫోల్డర్లకూ తప్ప ప్రాణమున్న దేనికీ ఆమె పేరు పెట్టి ఎరగదు. మైత్రి అని పిల్ల పుట్టిన రోజే అనుకుంది. చెవిలో చెప్పేదాకా పైకి అనకూడదంటారు కాబట్టి కడుపులోనే దాచుకుంది. మామూలుగా అయితే ఈ పాటికి కొత్తచీర కట్టుకుని అందరినీ ఊరిస్తూ తిరిగేది. ఇప్పుడు పళ్లు తోముకుంటున్నా చూపు ఆ గోడ మీదే ఉంది.

ఎనిమిది గంటలప్పుడు స్నేహ ఆమెను లోపలి గదిలోకి పిలిచింది. స్నేహ గణేశ్ భార్య. తల్లి లేని పిల్ల కాబట్టి బాలింతగా ఇక్కడే ఉంది. పిల్ల నాలుగు రోజులుగా సరిగా ఏడవడం లేదని చెప్పింది. పాలు తాగుతుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, కానీ కళ్లు తెరుచుకుని ఊరికే పడుకుంటుంది. గోడ అవతల గోదావరీ అని పిలిచినప్పుడల్లా మాత్రం తల అటు తిప్పుతుంది. చప్పుడైతే ఏ పసిపిల్లైనా తిరుగుతుందిలే అని కోమల్ కొట్టిపారేయబోయింది. నేనూ అట్లాగే అనుకుని స్టీలు పళ్లెం నేలకేసి కొట్టి చూశాను, తిరగలేదు, ముద్దుపేర్లన్నీ పెట్టి పిలిచి చూశాను, తిరగలేదు అంది స్నేహ.

ఇద్దరూ పిల్లకు చెరోపక్క కూర్చున్నారు. గోడ అవతల మగ్గాలు ఆడుతున్నాయి. కాసేపటికి ఏదో పోగు తెగినట్టుంది, అంబాదాస్ గొంతు సాగదీసి వినిపించింది. “గోదావరీ.”

మెడ కూడా నిలవని ఆ పిల్ల మెల్లగా, తొందరేమీ లేకుండా, ముఖం గోడవైపు తిప్పింది. చిన్న పెదాలు విడివడ్డాయి. గాలి పీల్చుకుంది. కానీ శబ్దం రాలేదు. 

“అది పలకనీకి చూస్తున్నది వదినా,” అంది స్నేహ. కళ్లలో నీళ్లు లేవు, భయంతో ఎండిపోయి ఉన్నాయి. “నా పిల్ల పేరు అది గాదని మీరన్నా దానికి చెప్పండి.”

అసలు ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకపోతే ఈ కథ ఇక ముందుకు నడవదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత ఉంది కదా. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లది సరిగ్గా ఆ బతుకే. ఒక్క లైను రాయకముందే పేరు కావాలి, లేకపోతే ఫోల్డరే తెరుచుకోదు. అందుకని ఆ పూట నోటికి ఏదొస్తే అది పెట్టేస్తారు. కొందరు పెంపుడు కుక్క పేరు పెడతారు, కొందరు నక్షత్రం పేరు పెడతారు, ఏమీ తోచనివాళ్లు ఎదురుగా ఉన్న బిస్కట్ పొట్లం చూసి ఆ పేరు పెడతారు. మంచిది దొరికాక మారుద్దాంలే అనుకుంటారు. ఆ ముహూర్తం ఎన్నటికీ రాదు. కోమల్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌కు సుమిత్ మొదట పెట్టిన పేరు ‘కొత్త చద్దర్ రెండు’. ఆర్నెల్లు అది ఆ పేరుతోనే తిరిగింది. చూడవచ్చిన కార్ఖానాదారులు ఒకటో చద్దర్ ఏమైందని అడుగుతుంటే చెప్పలేక చచ్చేవాళ్లు.

నోటితో పిలిచే ఏర్పాటు పెట్టాక అసలు చిక్కు మొదలైంది. నేతగాడికి రెండు చేతులూ పోగుల మీదే ఉంటాయి, తెర మీద మీటలు నొక్కుతూ కూర్చోలేడు. ముందు దాన్ని పేరుపెట్టి పిలవాలి, పిలిస్తే పలకాలి, పలికాక పని చెప్పాలి. అది కూడా పవర్‌లూమ్‌ల రొదలో బతికి బట్టకట్టే పేరై ఉండాలి. సుమిత్ గొప్పగా వీవ్‌మేట్ అన్నాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ, అంబాదాస్ దగ్గర అది మూడు రోజులు కూడా నిలవలేదు. పద్మ అని పెట్టి చూశారు. ఆ రెండక్షరాలు మగ్గాల దెబ్బల కింద నలిగిపోయి, యంత్రం చెవికి చేరనే లేదు. సాగదీసి అరవడానికి వీలుగా దీర్ఘాలున్న పేరు కావాలని వాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది.

ఆ వారంలోనే కోమల్ అటక దులుపుతుంటే తాత లింగయ్య ట్రంకు పెట్టెలో జానెడు నేతగుడ్డ దొరికింది. ఎర్ర అంచు, అంచులో తెల్లపోగుతో నేసిన అక్షరాలు. గోదావరి. లింగయ్య ఆమె పుట్టకముందే పోయాడు. కొత్త డిజైన్ కట్టిన నేతగాడు నమూనా ముక్క అంచులో దాని పేరు నేసి దాచుకోవడం ఆ గల్లీలో పాత అలవాటు. అలాంటి ముక్కలు కోమల్ చిన్నప్పటినుంచీ బోలెడు చూసింది. ఇదీ తాత కట్టిన డిజైన్ పేరే అనుకుంది. ఇంకెవరైనా అయితే ఇదేమిటని ఇంట్లో అడిగేవాళ్లు. నేతవాళ్ల పిల్ల కాబట్టి తనకు తెలుసనుకుంది.

మర్నాడు అంబాదాస్ కార్ఖానాలో నిలబడి గొంతెత్తి పిలిచి చూసింది. పన్నెండు మగ్గాల చప్పుడు మీదుగా ఆ పేరు అవతలి గోడ దాకా వెళ్లింది. తెలుగువాళ్లకు ఎంత సొంతమో మరాఠీవాళ్లకూ అంతే సొంతమైన పేరు, ఇంతకంటే ఏం కావాలి అని సుమిత్ ఎగిరి గంతేశాడు. యంత్రానికి ఆ పేరు నేర్పాక రెండు నెలలు తిరక్కుండా నలభై కార్ఖానాల్లో దాన్ని పెట్టారు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఆ పేట గల్లీల్లో అదే పిలుపు.

పది గంటలప్పుడు కోమల్ ఆ గుడ్డ పట్టుకుని నాయనమ్మ ముందు కూర్చుంది. పండుగైనా పబ్బమైనా గంగమ్మకు తునికాకు కత్తిరించక తప్పదు. ఎప్పటిలాగే గోడకు వీపు ఆనించి, చేట ఒళ్లో పెట్టుకుని ఉంది. బీడీ ముడిచే వేళ్లు ఆగలేదు గానీ గుడ్డను చూసి చూపు ఆగిపోయింది.

“అది నమూనా గాదు బిడ్డా,” అంది. “టోపీ గుడ్డ. నా పెద్దబిడ్డకు మీ తాత నేసిండు.”

కోమల్ తండ్రి కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. గంగమ్మ ఇప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. చెబుతున్నంతసేపూ ఆకులవైపే చూసింది. యాభై ఏళ్ల పైమాట. ఇదే ఇల్లు, ఇరవై ఒకటో రోజు. తొట్టెలనాడు పిల్లకంటే ముందు రాయికి పేరు పెట్టడం వాళ్ల ఆచారం. రోటి పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, తొట్టె కిందినుంచీ పైనుంచీ ముత్తయిదువలు చేతులు మార్చుకుంటూ ఆ పేరుతో మూడుసార్లు పిలుస్తారు. దిష్టి ఉన్నా గాలి ఉన్నా ముందు రాయి మీద పడిపోవాలని. తర్వాత రాయిని తీసి పిల్లను పడుకోబెడతారు, మేనత్త చెవిలో పేరు చెబుతుంది, అప్పుడు పేరు రాయిని వదిలి పిల్లకొస్తుంది. మర్నాటినుంచి పొత్రం మళ్లీ పచ్చడి నూరుకోవడానికే.

ఆ రోజు గోదావరి అని రాయిని మూడుసార్లు పిలిచారు. తొట్టెలో వేసి ఊపారు. పాట కూడా పాడారు. చాప మీద పడుకున్న పిల్లను ఎత్తబోతే చల్లగా ఉంది. నిద్రలోనే పోయింది.

పేరు రాయి దగ్గరే ఆగిపోయింది. ఆ రాయిని పిల్లతోపాటు మట్టిలో పెడదామంటే, ఆమెకు చెప్పని పేరు ఆమెతో ఎట్లా పోతుందని పెద్దలు ఒప్పుకోలేదు. పచ్చడి నూరడానికి ఎవరికీ చేతులు రాలేదు. పారేద్దామంటే పేరున్నదాన్ని వీధిలో ఎట్లా పారేస్తారు. చివరికి లింగయ్య ఆ గోడలో రెండు రాళ్లు ఊడదీసి, పొత్రాన్ని లోపల పెట్టి, మట్టి మెత్తేశాడు. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదన్నాడు. గోడ అవతల అప్పుడు ఆయన మగ్గం ఉండేది. ఇప్పుడది అంబాదాస్ కార్ఖానా.

కోమల్ గబుక్కున లేచి నిలబడింది. నాయనమ్మ వీపు ఆనించి కూర్చున్నది ఆ చోటే. చిన్నప్పటినుంచి ఆమె అక్కడే కూర్చోవడం చూస్తోంది, నడుం నొప్పి కోసమే అనుకుంది.

“కార్ఖానల ఎవరో కూలామె పేరనుకున్న ఇన్ని దినాలు. నువ్వు పెట్టిన పేరని నిన్ననే తెలిసె.” గంగమ్మ మొదటిసారి తలెత్తింది. “పిలుస్తేనే గద పలికేది. మేం యాభై ఏండ్లు పిలువలే, అది పలకలే. నువ్వు నలభై కార్ఖానాలల్ల పిలిపిస్తున్నవ్.”

“నాకు తెల్వదు అవ్వా.” కోమల్‌కు సిగ్గేసింది, భయమేసింది, ఈ ముసలామె ఇన్నేళ్లు మోసినదాన్ని తాను బజారున పెట్టానని ఏడుపు కూడా వచ్చింది.

“తెల్వదనే నేను కూడ తిట్టలే. ఇప్పుడు విను. ఆ గోడ లోపల పిల్ల లేని పేరు ఉన్నది. గోడకు ఇవతల పేరు లేని పిల్ల ఉన్నది. పిలుపుకు ఎవరు ముందుగాల నోరు తెరిచి పలికితే పేరు వాళ్లకే పోతది. నీ మేనకోడలు పలికిందా, దానికే.”

పోతే పోనీ, అది కూడా మంచి పేరే కదా, ఆ పిల్ల పేరు ఈ పిల్లకు పెట్టుకున్నామనుకుందాం అని కోమల్ అనబోయింది. ముసలామె ఆ మాట నోట్లో ఉండగానే పట్టేసింది.

“ఆ పేరుకు ఇరవై ఒక్క దినాల బతుకే తెలుసు బిడ్డా. అంతకు మించి దానికి తెల్వదు.”

కోమల్ అక్కడే గుమ్మంలో నిలబడి సుమిత్‌కు ఫోన్ చేసింది. ఇప్పటికిప్పుడు పేరు మార్చేయాలంది. సుమిత్ మొదట నవ్వాడు. తర్వాత ఆమె ఊపిరి విని నవ్వడం ఆపేశాడు. కారణం అడగలేదు, అది అతని మంచితనం. కానీ పేరు మార్చడమంటే పలక తుడిచి రాసినంత పని కాదని విడమర్చి చెప్పాడు. ఫైళ్లలో వెతికి మార్చడం అరగంట పని. ఆ యంత్రం చెవికి మాత్రం వందమంది నేతగాళ్ల గొంతులు వినిపించి, రెండు నెలలు కూర్చోబెట్టి ఆ ఒక్క పేరు నేర్పారు. కొత్త పేరు నేర్పాలంటే మళ్లీ అన్ని రోజులూ కావాలి.

“అది సరే, అసల్ బాత్ విను,” అన్నాడు. “మిషన్‌ల నేను మారుస్త. జనం నోట్లె ఎట్ల మార్తది? అంబాదాస్ కాకా దగ్గర ట్యాబే లేదు, అయినా పిలుస్తనే ఉన్నరు గద.”

సుమిత్‌కు ఆ మాట బరువు ఎంతో తెలియదు. పేరు పెట్టేదాకా అది మన చేతిలో ఉంటుంది, నలుగురి నోళ్లలో పడ్డాక ఇక మనది కాదు. పిల్లలకైనా ఊళ్లకైనా సాఫ్ట్‌వేర్లకైనా అదే తంతు. కోమల్ ఆలోచించి చివరికి ఒక దారి పట్టుకుంది. మూడింటినుంచి నాలుగింటిదాకా సర్వర్ ఆపేయమంది. ఆ గంటసేపు ఎవరూ దాన్ని పిలవవద్దని నలభై కార్ఖానాల వాట్సాప్ గుంపులో పెట్టమంది. తర్వాత తానే వెళ్లి అంబాదాస్ కాళ్లావేళ్లా పడింది. సాయంత్రం లారీకి చద్దర్లు ఎక్కించాలి, మగ్గాలు ఆపలేను గానీ, ఇంటి ఆడపిల్ల పని కాబట్టి నోళ్లు కుట్టుకుని కూర్చుంటాం అని ఆయన మాటిచ్చాడు. మగ్గాలు ఆడితేనే మంచిదని కోమల్‌కు కూడా అనిపించింది. ఆ రొదలో చిన్న గొంతులు వినిపించవు.

మూడు కావస్తుండగా గల్లీ ఆడవాళ్లు వచ్చారు. ముందుగదిలో కొక్కానికి తొట్టె కట్టారు. గణేశ్ తెచ్చిన ప్లాస్టిక్ పూలే కట్టారు. కొత్త పొత్రాన్ని గంగమ్మే బజారునుంచి తెప్పించి స్వయంగా కడిగింది. కోమల్ పరాయి మాట వినబడకుండా కిటికీలు మూయించింది, ఉక్కపోస్తోందని ఎంతమంది సణిగినా తీయనివ్వలేదు.

రాయి తొట్టె కిందికి పోయి పైకి వచ్చింది. ఆడవాళ్లు చేతులు మార్చుకుంటూ నవ్వుతున్నారు. ఈసారి రాయిని ఏ పేరుతోనూ పిలవవద్దు, తల్లీ బిడ్డా అంటే చాలని గంగమ్మ ముందే గట్టిగా చెప్పింది. రాయిని తీశారు. స్నేహ పిల్లను తొట్టెలో పడుకోబెట్టి పక్కకు జరిగింది, కానీ ఒక చెయ్యి తొట్టె అంచు మీదనుంచి తీయలేదు. గోడ అవతల మగ్గాలే తప్ప మనిషి గొంతు లేదు. అంబాదాస్ మాట నిలబెట్టుకున్నాడు. కోమల్ వంగింది. పాల వాసన, సాంబ్రాణి వాసన. చిన్న చెవికి పెదాలు ఆనించబోయింది.

అప్పుడు ఎక్కడో వెనక గల్లీలోంచి వినిపించింది. “గోదావరీ.”

తర్వాత ఇంకో వైపునుంచి. ఆ తర్వాత మూలమీది కార్ఖానాలోంచి, ఇంకా గట్టిగా.

కోమల్‌కు తాను చేసిన తప్పు అప్పటికి అర్థమైంది. వాట్సాప్‌లో రాసింది చదివేది కార్ఖానాదారులు. మగ్గం దగ్గర నిలబడేవాళ్ల చేతుల్లో ఫోన్లు ఎక్కడుంటాయి. సర్వర్ ఆపితే గోదావరి పలకదు. పిలిచింది పలకకపోతే ఊరుకోవడం మనుషుల గుణం కాదు, ఇంకోసారి పిలుస్తారు, గొంతు పెంచి పిలుస్తారు. రోజూ విడివిడిగా వినిపించే పిలుపు ఆ మూడు గంటలకు పేటంతా ఒక్కసారే లేచింది. మూసిన కిటికీలు ఏం ఆపుతాయి. గల్లీ ఆ చివరినుంచి ఈ చివరిదాకా, ఆడగొంతులూ మగగొంతులూ, తెలుగూ మరాఠీ, గోదావరీ, అగ గోదావరీ, ఓ గోదావరీ.

గదిలో ఆడవాళ్లు ఇదేమి గోల అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గంగమ్మ ఒక్కతే తొట్టెవైపు చూస్తోంది. పిల్ల తల కోమల్ పెదాల దగ్గరినుంచి జరిగి గోడవైపు తిరిగింది. ఈసారి మెల్లగా కాదు. ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. ఇరవై ఒక్క రోజుల పిల్ల అంత గాలి పీల్చడం కోమల్ ఎన్నడూ చూడలేదు. చిన్న నోరు గుండ్రంగా తెరుచుకుంటోంది.

మైత్రి అని చెప్పే వ్యవధి లేదు. చెప్పినా అది చెవిలోకి పోయేలోపు ఇది నోట్లోంచి వచ్చేస్తుంది. కోమల్‌కు మిగిలింది ఒక్కటే, దానికి ఆలోచన కూడా అక్కర్లేదు. ఆమె తలెత్తి, గోడకేసి చూసి, గది అదిరేలా పలికింది.

“ఆ. ఇక్కడున్న.”

పిలుపులన్నీ టక్కున ఆగిపోయాయి. గోడ అవతల మగ్గాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. తొట్టెలో పిల్ల నోరు తెరిచింది, కానీ వచ్చింది ఏడుపు. నాలుగు రోజుల ఏడుపంతా కలిపి ఎర్రగా కందిపోయి, కాళ్లు తన్నుకుంటూ, గల్లీ లేచిపోయేలా ఏడ్చింది. స్నేహ కూడా ఏడ్చేసింది. గణేశ్ ఎందుకో తెలియకుండానే ఏడ్చాడు. ఆ ఏడుపు మధ్యలోనే మేనత్త వంగి మైత్రి, మైత్రి, మైత్రి అని మూడుసార్లు చెవిలో చెప్పింది. పిల్ల ముఖం తిప్పి ఆమెవైపే చూసింది. ఆడవాళ్లు పాట అందుకున్నారు. గుగ్గిళ్లు పంచారు, పసుపు కుంకుమలు ఇచ్చారు, పిల్ల ఎవరి పోలికో అని తగువులాడుకున్నారు.

మేనత్త గోడ పక్కకు వెళ్లి చల్లగా ఉందని చెంప ఆనించింది. లోపల ఏ చప్పుడూ లేదు. ఒళ్లంతా హాయిగా, చాలాకాలం నిలబడి ఉండి ఇప్పుడే కూర్చున్నట్టుగా ఉంది. ఫోన్ మోగితే చూసింది. సుమిత్ దగ్గరినుంచి. సర్వర్ బంద్‌లనే ఉన్నది, మరి మూడు గంటలకు నలభై కార్ఖానాలల్ల ఒక్కసారే ఎట్ల పలికింది, నువ్వేమన్న చేసినవా అని రాశాడు. అందులో అంత వింత ఏముందో ఆమెకు అర్థం కాలేదు. పిలిచారు, పలికింది.

గది అవతలి కొసన ముసలామె పసుపు పళ్లెం పట్టుకుని ఎవరినో పిలుస్తోంది. “కోమల్. బిడ్డా కోమల్, ఇటు రా.” జవాబు లేదు. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచి పళ్లెం కింద పెట్టేసింది, గదిలో పాట ఆగింది. ఒక్కొక్కరుగా అందరూ తనవైపే చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో ఆమెకు తెలియలేదు. పిలుస్తున్నది ఎవరినో చూద్దామని ఆమె కూడా వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడే ఉంది. ఈ కోమల్ ఎవరో గానీ, పెద్దావిడ అంతసేపటినుంచి పిలుస్తుంటే పలకదేమిటని ఆమెకు కాస్త చిరాకు కూడా వేసింది.